చిరునామా లేని కాలు

ఈ మనాగ్వా నగరంలో ఇరవై ఏడేళ్లు తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసిన మనిషిని నేను. కవరు మీద "మార్సెలీనాకి, పాత సబ్బుల షాపు వెనకాల, కుంటికుక్క ఉన్న ఇల్లు" అని రాసి ఉన్నా ఉత్తరం చేరేది. ఆ కుక్క చచ్చిపోయాక కూడా చేరేది. అలాంటి నాకు, కాందిదా రోచాకి, "మీ చిరునామా చెల్లదు" అని చెప్పాలంటే ఒక వెబ్‌సైటుకి ఎంత పొగరుండాలి?

సంగతేమిటంటే, మా తమ్ముడి కాలు రావాలి.

తమ్ముడి పేరు ఎలియోదోరో. ఇంట్లో దోరో అంటాం. వాడికి చక్కెర జబ్బు. పద్నాలుగు నెలల కిందట కుడికాలు మోకాలి కింది దాకా తీసేశారు. ఆ తర్వాత గ్వాటెమాలాలో ఒక ధర్మసంస్థ వాళ్లు కొత్త కాలు చేసిపెడతామంటే బస్సెక్కి వెళ్లాడు. పది రోజులు వాళ్ల దగ్గర రెండు కమ్మీల మధ్య నడిచి, ఆఖరికి కమ్మీలు వదిలేసి నడిచి, "అక్కా, నా సొంత కాలు కన్నా ఇదే బుద్ధిగా ఉంది" అని ఫోన్లో గొప్పలు పోయాడు. పైపూత పని మిగిలిందని, అది అయ్యాక పార్శిల్లో పంపుతామని వాళ్లు కాలు అట్టిపెట్టుకుని మనిషిని పంపారు.

జులై మొదటి వారంలో పార్శిల్ మనాగ్వాకి చేరింది. చేరిందని పార్శిళ్ల కంపెనీ వాడే సందేశం పెట్టాడు. ఆ కంపెనీ గోదాము మా ఇంటికి పదకొండు వీధుల దూరం. మా డాబా ఎక్కితే దాని పసుపురంగు బోర్డు కనిపిస్తుంది. బట్టలు ఆరేసినప్పుడల్లా నాకు కనిపించేది, అరికాలి మంట నెత్తికెక్కేది.

ఎందుకంటే ఈలోగా దోరో ఎడమ మడమ మీద పుండు లేచింది. పద్నాలుగు నెలలు ఒంటికాలి మీద గెంతితే లేవదా మరి. డాక్టరమ్మ పుండు చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ కాలి మీద బరువు ఆపకపోతే దీన్ని కూడా తియ్యాలి. నేను బెదిరించడం లేదు, ఉన్నమాట చెప్తున్నా. కొత్త కాలు ఎప్పుడొస్తుంది?"

"వచ్చేసిందండీ. గోదాములో ఉంది."

"మరింకేం, వెళ్లి తెచ్చుకోండి," అంది ఆవిడ, ఏదో రొట్టె తెచ్చుకోమన్నంత తేలిగ్గా.

తెచ్చుకోవడానికి ఒక పద్ధతి ఉందట. ముందు వెబ్‌సైటులోకి వెళ్లి చిరునామా ఖాయం చెయ్యాలి. జులై ముప్పై ఒకటిలోగా ఖాయం కాకపోతే పార్శిల్ వెనక్కి పోతుంది. గ్వాటెమాలా వాళ్లని అడిగితే, వెనక్కొస్తే మళ్లీ వరసలో నిలబడాలనీ, నాలుగు నెలలు పడుతుందనీ చెప్పారు. నాలుగు నెలలు ఆ పుండు ఆగుతుందా?

సరే, ఫోను చేతిలోకి తీసుకుని కూర్చున్నాను. "వీధి పేరు" అని ఒక గడి. మా వీధికి పేరు లేదు. "ఇంటి నంబరు" అని ఇంకో గడి. మా ఇంటికి నంబరు లేదు. మా పక్కింటికీ లేదు, ఎదురింటికీ లేదు, మా పేటలో దేనికీ లేదు. అయినా పెళ్లి పిలుపులు అందుతున్నాయి, కరెంటు బిల్లులు అందుతున్నాయి, అప్పులవాళ్లు కూడా దారి తప్పకుండా వస్తున్నారు. అందుకని మా చిరునామా ఉన్నదున్నట్టు కొట్టాను: మంచు ఫ్యాక్టరీ ఉండే చోటు నుంచి రెండు వీధులు సరస్సు వైపు, ఒకటిన్నర వీధి పైకి, పచ్చ గేటు.

మంచు ఫ్యాక్టరీ డెబ్బై రెండు భూకంపంలో కూలిపోయింది. అప్పటికి నాకు ఏడేళ్లు. ఇప్పుడక్కడ టైర్ల షాపు ఉంది. ఉంటే ఉండనీ, ఇవాళ ఉండి రేపు పోయే టైర్ల షాపుని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఎర్రటి అక్షరాలు వచ్చాయి. "ఇంటి నంబరు తప్పనిసరి." సున్నా కొట్టాను. "సున్నా చెల్లదు." లేదు అని రాశాను. "అంకెలు మాత్రమే." ఆ తర్వాత తెర మొత్తం తెల్లబడి ఒక బొమ్మ వచ్చింది. మరమనిషి బొమ్మ, కళ్లలో నీళ్లు. కింద "అయ్యో! ఏదో పొరపాటు జరిగింది. కాసేపాగి ప్రయత్నించండి" అని. నేను ఏడవాల్సిన ఏడుపు అది ఏడుస్తోంది. ఎంత నంగనాచి!

కాసేపాగి ప్రయత్నించాను. మర్నాడు ప్రయత్నించాను. ఆ ఏడుపు మొహం రోజుకి పదిసార్లు చూశాను. ఒక్కోసారి అన్ని గడులూ నింపాక వచ్చేది, ఒక్కోసారి పేరు కొట్టగానే వచ్చేది. వచ్చినప్పుడల్లా నింపినదంతా తుడిచిపెట్టేది. నాలుగో రోజు విసుగెత్తి, వీధి పేరు దగ్గర "ఒకటి", ఇంటి నంబరు దగ్గర "ఒకటి" అని కొట్టాను. పచ్చ టిక్కు వచ్చింది!

"దోరో! అయిపోయిందిరా!" అని అరిచాను. వాడు మంచం మీదనుంచే చప్పట్లు కొట్టాడు.

గంటలో సందేశం వచ్చింది. "ఒకటో వీధి, ఒకటో నంబరు ఇంట్లో ఇప్పటికే మూడువేల నూట పద్దెనిమిది మంది ఖాతాదారులు నివసిస్తున్నారు. మోసం జరుగుతోందన్న అనుమానంతో మీ ఖాతాని నిలిపివేశాం."

పక్కింటి ఉరానియా దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ ఆ కంపెనీ ద్వారానే మిక్సీ తెప్పించుకుంది.

"నువ్వేం నంబరు వేశావే?"

"ఒకటి."

"ఒకటెందుకు?"

"మరెంత వెయ్యను? లేని నంబరుకి ఒకటైతేనేం, వందైతేనేం. ఎవరైనా ఒకటే వేస్తారు కదా," అంది, నాకేదో పిచ్చెక్కినట్టు చూస్తూ. నిజమే. నంబరడిగితే మా ఊళ్లో ఎవరైనా ఒకటే వేస్తారు. ఆవిడ వేసినప్పుడు ఆ ఇంట్లో ఇంకా చోటుంది కాబోలు.

దోరోకి చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు. "మూడువేల మందికి ఒకటే బాత్రూమా అక్కా? పొద్దున్నే వరస ఎంత పొడుగుంటుందో!"

"నోర్మూసుకో. కాలు పోయేలా ఉంటే వెకిలి నవ్వొకటి."

"పోయే కాలు నాదే కదే, నవ్వనీ," అన్నాడు. వంటింట్లోకి పోయి ఊరికే గిన్నెలు తోమాను.

ఇక సహాయకేంద్రం. దాన్ని సహాయకేంద్రం అని పిలవడం మొదలెట్టినవాడికి సిగ్గుండాలి. ముందు సోలి అనే ఒక యంత్రం రాతపూర్వకంగా పలకరించింది. "హలో కాందిదా! నేను సోలిని! ఇవాళ మీ రోజుని ఎలా అందంగా మార్చమంటారు?" ఖాతా తెరవమన్నాను. "చిరునామా మార్చుకోవాలనుకుంటున్నారా? ముందు ఖాతాలోకి వెళ్లండి!" అంది. ఖాతా మూసేశారే తల్లీ అన్నాను. "మీకు ఇంకేమైనా సహాయం కావాలా?" అంది. ఇంకేమైనా అట! చేసిన సహాయమేమిటో చెప్పి ఏడవొచ్చు కదా.

ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పాట వినిపించారు. పొయ్యి మీద అన్నం, చిక్కుడుగింజలు మాడి వాసనొస్తున్నా ఫోను వదల్లేదు. ఆఖరికి ఫాబ్రీసియో అనే ఒకడు పలికాడు. ఏ దేశంలో కూర్చున్నాడో తెలీదు గానీ గొంతు మాత్రం తేనె పూసినట్టుంది, అమ్మగారూ అన్నట్టు మాటకోసారి దోన్యా అంటాడు.

"మీ బాధ నాకు పూర్తిగా అర్థమైంది, దోన్యా కాందిదా."

"నేనింకా చెప్పనే లేదు నాయనా."

"మీ బాధ నాకు పూర్తిగా..."

"ఆగు. ముందు విను." చెప్పాను. కాలు, పుండు, గోదాము, ఒకటో నంబరు ఇల్లు, అన్నీ.

"అర్థమైంది దోన్యా. మీరు బ్రౌజర్ చరిత్ర తుడిచి చూశారా?"

"మా చరిత్రని భూకంపమే తుడిచేసింది బాబూ. నీకేం మిగల్చలేదు. ఇంకోటి అడుగు."

"సరేనండీ. మీ చిరునామా ఒకసారి చెప్తారా?"

చెప్పాను. అవతల టకటకమని కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది.

"ఒకటిన్నర పైకి అంటే ఎన్నో అంతస్తు దోన్యా?"

"అంతస్తు కాదయ్యా! పైకి అంటే పొద్దుపొడిచే వైపు. కిందికి అంటే పొద్దుగూకే వైపు. మీ ఊళ్లో సూర్యుడు రాడా?"

"వస్తాడండీ," అన్నాడు పాపం. ఒక్క నిమిషం మనిషిలా మాట్లాడాడు. వెంటనే తేరుకుని, "నివాసానికి రుజువుగా కరెంటు బిల్లు ఎక్కించండి. నలభై ఎనిమిది గంటల్లో పరిష్కారమవుతుంది. మా సేవతో తృప్తి చెందారా?" అన్నాడు. నేనన్న మాట ఇక్కడ రాయను. ఇరవై ఏడేళ్లు ప్రభుత్వోద్యోగం చేసిన దాన్ని, నాకూ కాస్త మర్యాద ఉంది.

బిల్లు ఫొటో ఎక్కించాను. ఐదుసార్లు ఎక్కిస్తే నాలుగుసార్లు ఏడుపు మొహం, ఐదోసారి ఎక్కింది. బిల్లు మీదా అదే చిరునామా ఉంటుంది కదా, మంచు ఫ్యాక్టరీ, సరస్సు వైపు, పైకి. రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. నేనది ఇప్పటికీ కంఠతా చెప్పగలను. "మీరిచ్చిన రుజువుని మా నిపుణుల బృందం పరిశీలించింది. అందులో పేర్కొన్న మంచు ఫ్యాక్టరీ ఉనికిలో లేదని మా విచారణలో తేలింది. మీ సమస్య పరిష్కరించబడింది."

నిపుణుల బృందమట! విచారణట! యాభై ఏళ్ల కిందట కూలిన ఫ్యాక్టరీ లేదని కనిపెట్టడానికి బృందం కావలసివచ్చింది. మా పేటలో పాలు తాగే పిల్లాణ్ని అడిగినా లేదని చెప్తాడు, లేదని చెప్పి, దాని దగ్గర్నుంచే వాళ్లింటికి దారి కూడా చెప్తాడు.

మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి ఫాబ్రీసియో కాదు, ఇంకెవరో. మళ్లీ మొదటినుంచి చెప్పాను. మర్నాడు మరొకరు. అందరికీ నా బాధ పూర్తిగా అర్థమైంది. అందరూ ఒక ఫిర్యాదు నంబరిచ్చారు. అన్ని ఫిర్యాదులూ "పరిష్కరించబడ్డాయి". ఇంట్లో చూస్తే దోరో మడమ పుండు చిన్న నాణెమంత ఉన్నది సీసా మూతంత అయింది. వాడు నవ్వడం మానేశాడు. స్నానానికి కూడా లేవనని మొండికేశాడు. లేస్తే గెంతాలి, గెంతితే కాలు పోతుంది, అదీ వాడి లెక్క. నేను లోపల హడలిపోతూ పైకి తిడుతూ తిరిగాను.

ముప్పై ఒకటో తారీఖు వచ్చేసింది. మర్నాడు ఆగస్టు ఒకటి, సాంతో దొమింగో పండగ. ఊరంతా సెలవు. ఏం చేసినా ఆ ముప్పై ఒకటినే. పొద్దున్నే నేను గోదాముకి బయల్దేరుతుంటే దోరో కర్రలు చంకల్లో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. భుజానికి ఒక సంచీ.

"నువ్వెక్కడికిరా? డాక్టరమ్మ కదలొద్దంది."

"నా కాలు నా కోసం వచ్చి కూర్చుంటే నేను వెళ్లి పలకరించొద్దా? టాక్సీ పిలు."

గోదాము గేటు దగ్గర బందూకు పట్టుకున్న కాపలావాడు ఒకడున్నాడు, దోన్ వెన్సెస్లావ్ అని చొక్కా మీద పేరు. మమ్మల్ని లోపలికి పోనిచ్చి, "బయటికి ఏ సామాను తీసుకెళ్లినా చీటీ చూపించాలి. చీటీ లేకుండా నా తండ్రినైనా వదలను," అన్నాడు. తండ్రి మాట మేం అడగలేదు.

కౌంటరు వెనక ముప్పై ఏళ్ల అమ్మాయి ఉంది, యహోస్కా. నేను నోరు తెరిచే లోపలే, "వెబ్‌సైటులో ఖాయం చేశారా దోన్యా?" అంది. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండిపోయింది. మూడు వారాలు మింగినదంతా ఆ పిల్ల నెత్తిన కుమ్మరించాను. వరసలో ఉన్నవాళ్లు తప్పుకుని మరీ చూశారు. నేను రొప్పుతూ ఆగాక, ఆ అమ్మాయి మెల్లిగా అడిగింది.

"ఇల్లెక్కడ?"

"మంచు ఫ్యాక్టరీ ఉండే చోటు నుంచి రెండు సరస్సు వైపు, ఒకటిన్నర పైకి."

"మా అమ్మమ్మది రెండు సరస్సు వైపు, ఒకటి పైకే! పచ్చ గేటా? ముందు నిమ్మచెట్టు ఉంటుంది, అదా?"

"అదే. చెట్టు కొట్టేసి తొమ్మిదేళ్లైంది."

"అయినా నిమ్మచెట్టు ఇల్లే కదా," అంది.

నాకు ఏడవాలో ఆ పిల్లని ముద్దుపెట్టుకోవాలో తెలియలేదు. మూడు వారాలుగా నిపుణుల బృందానికి దొరకని ఇల్లు ఈ పిల్లకి మూడు ముక్కల్లో దొరికింది. తను లోపలికి వెళ్లి పొడుగాటి అట్టపెట్టె తెచ్చి కౌంటరు మీద పెట్టింది. పైన మా తమ్ముడి పేరు. తర్వాత తన తెర మా వైపు తిప్పింది.

"చూడండి. రెండు బటన్లున్నాయి. 'స్వీకరించు' నొక్కాలంటే చిరునామా ఖాయమవ్వాలి. మీది మూసేశారు, అది నొక్కుడు పడదు. నేను పైవాళ్లకి ఫోన్ చేసినా వాళ్లు మిమ్మల్ని వెబ్‌సైటుకే పొమ్మంటారు. నాకు రోజూ అదే పని." గొంతు తగ్గించింది. "'తిరస్కరించు'కి చిరునామా అక్కర్లేదు. వద్దన్నవాడి ఇల్లెక్కడుంటే వాళ్లకేం. తిరస్కరించేముందు మాత్రం పెట్టె తెరిచి సామాను సరిగా ఉందో లేదో చూసుకునే హక్కు మీకుంది. ఎంతసేపు చూసుకోవాలో, ఎలా చూసుకోవాలో రూల్లో రాయలేదు."

ఇదంతా మొహంలో గీత కదలకుండా చెప్పింది. నాకు అర్థమయ్యే లోపలే దోరోకి అర్థమైంది. కుర్చీలో కూలబడి పెట్టె ఒళ్లోకి లాక్కున్నాడు.

కాలు బయటికొచ్చింది. మేజోడు తొడుక్కున్నాడు, కాలు తగిలించాడు, పట్టీలు బిగించాడు. తర్వాత సంచీలోంచి ఒక బూటు తీశాడు. పద్నాలుగు నెలలుగా మంచం కింద పడున్న కుడిబూటు. దొంగవెధవ, నాకు తెలియకుండా పాలిష్ కూడా చేశాడు. ప్యాంటు కిందికి లాక్కుని, కౌంటరు పట్టుకుని లేచి, చెయ్యి వదిలేశాడు. వరసలో ఎవరో అబ్బా అన్నారు. ఒక అడుగు. ఇంకో అడుగు. గోడదాకా వెళ్లి, తిరిగి వచ్చాడు. ఎడమకాలిని ఎంత జాగ్రత్తగా మోపుతున్నాడో, కుడికాలి మీద ఎంత నమ్మకంగా వాలుతున్నాడో నేను చూశాను.

"సామాను సరిగ్గా ఉందా?" అని అడిగింది యహోస్కా, ఆఫీసు గొంతుతో.

"దివ్యంగా ఉంది."

"స్వీకరిస్తారా, తిరస్కరిస్తారా?"

"తిరస్కరిస్తున్నా!" అన్నాడు దోరో, ఆ గోదాము పైకప్పు ఎగిరిపోయేలా. "నాకేం వద్దు. మీ పెట్టె మీరే ఉంచుకోండి!"

ఆ అమ్మాయి బటన్ నొక్కింది. మూడు వారాల్లో మొదటిసారి ఆ వెబ్‌సైటు మారు మాట్లాడకుండా పని చేసింది. ఖాళీ పెట్టెకి టేపు చుట్టి, వెనక్కి పోయే బండి మీద పెట్టింది.

"నీ ఉద్యోగానికేం కాదు కదమ్మా?" అన్నాను.

"పెట్టె తేలిగ్గా ఉందని ఎవరైనా అడిగితే వెబ్‌సైటులో ఫిర్యాదు చెయ్యమంటాను," అంది. "తరవాత ఎవరు?"

నేను కర్రలు చంకలో పెట్టుకుని వెనక నడిచాను. గేటు దగ్గర దోన్ వెన్సెస్లావ్ అడ్డంగా నిలబడ్డాడు. ఇందాక ఒంటికాలితో లోపలికి వచ్చిన మనిషి రెండు కాళ్లతో వస్తుంటే గుడ్లప్పగించి చూశాడు. అయినా రూలు రూలే కదా.

"చీటీ ఏదయ్యా?"

దోరో వంగి రెండు ప్యాంటు కాళ్లూ మోకాళ్ల దాకా పైకి లాగాడు. కుడివైపు మెరుస్తున్న కొత్త కాలు. ఎడమవైపు వాచిన పాదం, మడమకి కట్టు, కట్టు లోంచి ఊరిన పసుపు మరక.

"దేనికి చూపించమంటారు దొరగారూ? దీనికా, దీనికా?"

కాపలావాడు కొత్త కాలుని ఒక చూపే చూశాడు. కట్టు వైపు మాత్రం చాలాసేపు చూశాడు. తర్వాత బందూకు భుజానికి తగిలించుకుని, మనుషులు పోయే చిన్న తలుపు వదిలేసి, లారీలు పోయే పెద్ద గేటు రెండు రెక్కలూ బార్లా తీశాడు. మా తమ్ముడు దాని మధ్యలోంచి నడిచి రోడ్డు మీదికి వెళ్లాడు. మూడు వారాలు ఆ తెర ముందు ఒక్క చుక్క కార్చని నేను అక్కడ, అందరి ముందూ, గేటు పట్టుకుని భోరున ఏడ్చాను.